నానో కీమో కోసం అమ్మ పేరున ఉన్న తోట అమ్మాలా?

రాజోలు దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

రాసినావిడకు ముప్పై నాలుగేళ్లు. వాళ్ల అమ్మగారికి యాభై ఎనిమిది. పదేళ్లుగా షుగర్ ఉంది, అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటాయి. రెండు నెలల కిందట రొమ్ము క్యాన్సర్ అని తేలింది. స్కానింగ్‌లో ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనబడ్డాయి. బయాప్సీలో మూడు రిసెప్టర్లూ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, హెర్2 అనే గుర్తులు) నెగెటివ్ వచ్చాయి. రాజమండ్రిలో చూపిస్తే, ఆరోగ్యశ్రీ మీద వారానికోసారి పాక్లిటాక్సెల్ అనే కీమో మందు మొదలుపెట్టారు. మొదటిరోజు మందు ఎక్కడం మొదలైన పది నిమిషాల్లోపే ముఖం కందగడ్డలా ఎర్రబడింది, ఊపిరి అందలేదు, నడుము పట్టేసింది. వెంటనే ఆపేసి ఇంజెక్షన్లు చేస్తే అరగంటలో సర్దుకుంది. డాక్టరుగారు రెండు దారులు చెప్పారు: ఇదే మందును జాగ్రత్తలు పెంచి నెమ్మదిగా మళ్లీ ఎక్కించి చూడటం, లేదా అదే మందును అతి చిన్న రేణువుల్లో పెట్టిన నానో రకాన్ని సొంత డబ్బుతో కొనుక్కోవడం. మంగళవారం లోపు ఏ దారో చెప్పమన్నారు.

కువైట్‌లో ఉన్న అన్నయ్య ఒక వీడియో చూశాడు. నానో మందు సూటిగా గడ్డకే పోతుంది, మిగతా ఒంటికి ఏమీ కాదు అని దాంట్లో చెప్పారట. ఒక నగరంలో ఏదో సెంటరు వాళ్లు ‘పాలిమర్ నానో కీమో’ పేరుతో ఆరు లక్షల ప్యాకేజీ చెప్పి, డబ్బు ముందే కట్టమంటున్నారు. అందుకోసం అర ఎకరం కొబ్బరితోట బేరం పెట్టమని అన్నయ్య రోజూ ఫోన్లు చేస్తున్నాడు. ఆ తోట అమ్మగారికి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చింది, ఆవిడ పేరు మీదే ఉంది. కొబ్బరికాయల దింపుకి వచ్చే డబ్బుతోనే ఇల్లు నడుస్తోంది. ఆవిడకు జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు. నాన్నగారు ఏ మాటా అనరు.

ఉత్తరం చివర ఇంకో సంగతి ఉంది. కీమో ముందురోజు రాత్రి ఐదు, తెల్లవారుజామున ఐదు వేసుకోమన్న చిన్న మాత్రలను అమ్మగారు వేసుకోలేదు. షుగర్ పెరిగిపోతుందని పక్కింటావిడ భయపెట్టిందట. తిడతారని డాక్టరుకు చెప్పలేదు. “అన్నయ్య మాట వినకపోతే తోట కోసం అమ్మను వదిలేశానంటాడు. వింటే రేపు ఏం తిని బతకాలి? ఆ మందు నిజంగా గడ్డకే పోతుందా?” అని అడుగుతున్నారు.

సమాధానం:

మీరు ఆఖర్న రాసిన మాత్రల సంగతే అన్నిటికన్నా ముందు తేలాలి. తోట, అన్నయ్య, నానో మందు అన్నీ దాని తర్వాతే.

పాక్లిటాక్సెల్ నీళ్లలో కరగదు. అందుకని మామూలు ఇంజెక్షన్‌లో దాన్ని క్రెమోఫోర్, ఆల్కహాల్ సగం సగం కలిపిన ద్రావకంలో కరిగిస్తారు. క్రెమోఫోర్ అంటే ఆముదాన్ని రసాయనికంగా మార్చి తయారుచేసినది. ఒక మిల్లీలీటరు ఇంజెక్షన్‌లో మందు 6 మిల్లీగ్రాములైతే క్రెమోఫోర్ 527 మిల్లీగ్రాములు. మీ అమ్మగారి ఒంటి వైశాల్యం 1.5 చదరపు మీటర్లు అనుకుందాం. వారం డోసు చదరపు మీటరుకు 80 చొప్పున 120 మిల్లీగ్రాములవుతుంది. ఆ కాస్త మందు కోసం పది గ్రాములకు పైగా క్రెమోఫోర్ నరంలోకి ఎక్కుతుంది. మొదటి లేదా రెండో విడతలో, మందు మొదలైన కొద్ది నిమిషాలకే వచ్చే ఎర్రబడటం, ఆయాసం, నడుం నొప్పి చాలావరకు ఈ ద్రావకం మూలంగా వచ్చేవే.

ఇలా జరుగుతుందని తెలుసు కాబట్టే మందుకు ముందు కొన్ని రక్షణలు పెట్టారు. పన్నెండు గంటల ముందు, ఆరు గంటల ముందు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ 20 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వడం పాత పద్ధతి. మీరు రాసిన ఐదేసి మాత్రలు, నాలుగు మిల్లీగ్రాములవైతే, సరిగ్గా అవే. అరగంట ముందు ఎలర్జీ ఇంజెక్షన్ ఒకటి, ఎసిడిటీకి వాడే రకం ఇంజెక్షన్ ఒకటి ఇస్తారు. ఇవన్నీ పడినా నూటికి ఇద్దరు నుంచి నలుగురికి తీవ్రమైన రియాక్షన్ వస్తుంది. మీ అమ్మగారికి వీటిలో పెద్ద రక్షణ లేకుండానే మందు ఎక్కింది.

ఈ సంగతి డాక్టరుకు తెలియదు. ఆయన లెక్కలో మీ అమ్మగారు ‘స్టెరాయిడ్ వేసుకున్నా రియాక్షన్ వచ్చిన మనిషి’. నిజానికి ఆవిడ ‘స్టెరాయిడ్ లేకుండా ఎక్కించినప్పుడు రియాక్షన్ వచ్చిన మనిషి’. ఈ ఇద్దరికీ వైద్యం ఒకటి కాదు. మొదటివారికి మందు మార్చాలన్న ఆలోచన ముందు వస్తుంది. రెండోవారికి ఆ మందే సరైన రక్షణతో మళ్లీ ఇచ్చి చూడొచ్చన్న ధైర్యం ఎక్కువ. మీరు దాచిన ఆ ఒక్క సంగతి మీద అర ఎకరం తోట ఆధారపడి ఉంది. మంగళవారం దాకా ఆగకండి, రేపే ఫోన్ చేసి చెప్పేయండి. ఆయన ఒక మాట అంటే అననివ్వండి.

అదే ఫోన్‌లో ఆరోజు కేస్‌షీట్‌లో ఏం రాశారో కూడా అడగండి. బీపీ ఎంతకు పడింది? ఆక్సిజన్ ఎంత చూపించింది? పెదాలు, గొంతు వాచాయా? ఆడ్రినలిన్ (ప్రాణం మీదికొచ్చే రియాక్షన్‌కు ఇచ్చే ఇంజెక్షన్) ఇవ్వాల్సి వచ్చిందా? ఎర్రబడి, కాస్త ఆయాసం వచ్చి, ఆపగానే తగ్గిపోయి ఉంటే మళ్లీ ఇవ్వడం చాలామందిలో సాఫీగా జరుగుతుంది. బీపీ పడిపోయి, గొంతు వాచి, ఆడ్రినలిన్ దాకా వెళ్లి ఉంటే ఆ మందు జోలికి మళ్లీ వెళ్లకపోవడమే మంచిది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. నానో మందు గడ్డకే పోతుందా? పోదు. గడ్డకు కొంత ఎక్కువగా చేరవచ్చు. ఈ రెండు మాటల మధ్య చాలా దూరం ఉంది, మీ అన్నయ్య చూసిన వీడియో దాన్ని దాటేసింది.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి. 1986లో జపాన్‌లోని కుమమోటో విశ్వవిద్యాలయంలో మత్సుమురా, మయేదా అనే ఇద్దరు ఒక విషయం గమనించారు. గడ్డ వేగంగా పెరుగుతుంది కాబట్టి దానిలోని కొత్త రక్తనాళాల గోడలు సరిగ్గా అతుక్కోవు, సందులుంటాయి. పైగా ఊరిన ద్రవాన్ని బయటికి లాగేసే లింఫ్ నాళాలు అక్కడ సరిగా పనిచేయవు. కాలువ గట్టుకు గండ్లు పడి, మురుగు కాలువ పూడుకుపోయిన చేను సంగతి కోనసీమవాళ్లకు చెప్పక్కర్లేదు. నీళ్లు వచ్చి పడతాయి, బయటికి పోవు. మామూలు మందు అణువు చాలా చిన్నది, ఎక్కడైనా దూరిపోతుంది. దాన్ని పది నుంచి రెండొందల నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) రేణువులో పెడితే మంచి రక్తనాళాల్లోంచి బయటికి రాలేదు, గడ్డ దగ్గరి సందుల్లోంచి జారి అక్కడే నిలుస్తుంది. అయిదారు నానోమీటర్ల కన్నా పెద్దదైతే కిడ్నీ కూడా దాన్ని వడకట్టి పారబొయ్యలేదు.

పాలిమర్ల పని ఇక్కడే. పాలిమర్ అంటే ఒకే రకం ముక్కలు గొలుసుగా అతికిన పొడుగాటి అణువు. సగం నీటికి ఇష్టమైన గొలుసు, సగం నూనెకు ఇష్టమైన గొలుసు కలిపి తయారుచేస్తే, నీళ్లలో వెయ్యగానే అవి వాటంతట అవే ఉండలు కడతాయి. నూనె భాగం లోపలికి, నీటి భాగం బయటికి. ఈ ఉండల్నే మిసెల్ అంటారు. పాక్లిటాక్సెల్ లోపల దాక్కుంటుంది, క్రెమోఫోర్ అవసరమే ఉండదు. దక్షిణ కొరియాలో 2007 నుంచి వాడుతున్న పాలిమర్ మిసెల్ పాక్లిటాక్సెల్ ఈ రకమే. అందులో బయటి గొలుసు పెగ్ అనే నీటికి ఇష్టమైన పాలిమర్, లోపలిది లాక్టిక్ ఆమ్లంతో చేసిన పాలిమర్. రేణువు 20 నుంచి 50 నానోమీటర్లు ఉంటుంది. ఆ లాక్టిక్ ఆమ్లం గొలుసు ఒంట్లో తనంతట తానే విడిపోతుంది. క్రెమోఫోర్ లేని పాలిమర్ పాక్లిటాక్సెల్ రకాలు మన దేశంలోనూ తయారయ్యాయి. ఎక్కువగా దొరికే నానో పాక్లిటాక్సెల్ మాత్రం పాలిమర్‌ది కాదు, ఆల్బుమిన్ ప్రొటీన్‌కు పట్టించినది. దాన్ని నాబ్-పాక్లిటాక్సెల్ అంటారు, రేణువు 130 నానోమీటర్లు ఉంటుంది, అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. మీ డాక్టరు చెప్పిన నానో బహుశా ఇదే. అది ఏ రకమో పేరుతో సహా అడిగి రాసుకోండి.

మరి చిక్కు ఎక్కడ? మొదటిది, పరిశోధన ఎక్కువగా ఎలుకల మీద జరిగింది. ఎలుకలో గడ్డ వారాల్లో పెరుగుతుంది, దాని రక్తనాళాలకు సందులెక్కువ. మనిషిలో నెలలు, ఏళ్లు పట్టి పెరిగిన గడ్డలో సందులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఒకే మనిషికి రొమ్ములో ఉన్న గడ్డ, ఊపిరితిత్తిలో ఉన్న మచ్చ ఒకేలా ప్రవర్తించవు. రెండోది, లివర్, ప్లీహం. రక్తంలోకి వచ్చిన కొత్త రేణువుల్ని పట్టి మింగేయడమే అక్కడి కణాల పని. పెగ్ పూత కొంతసేపు కాపాడుతుంది కానీ పూర్తిగా కాదు. పదేళ్ల ప్రయోగాలను కలిపి లెక్కగట్టి 2016లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, ఎలుకల్లో సైతం గడ్డకు చేరింది ఇచ్చిన రేణువుల్లో మధ్యస్థంగా 0.7 శాతమే అని తేలింది. నూటికి ఒక్క వంతు కూడా లేదు. మూడోది మిసెల్‌కు ప్రత్యేకం. రక్తంలో పడి పలచబడగానే ఆ ఉండలు విడిపోవడం మొదలవుతుంది, రక్తంలోని ప్రొటీన్లు లోపలి మందును లాగేసుకుంటాయి. నాబ్ రేణువులూ రక్తంలో త్వరగానే కరిగిపోతాయి.

ఈ చరిత్రలో ఒక సంగతి మీ అన్నయ్యకు తప్పకుండా చెప్పండి. మయేదా బృందం తయారుచేసిన పాలిమర్ మందుకు లివర్ క్యాన్సర్ కోసం జపాన్‌లో 1993లో అనుమతి వచ్చింది. దాన్ని చేతి నరానికి ఎక్కించి వదిలెయ్యలేదు. లివర్‌కు రక్తం తీసుకెళ్లే ధమనిలోకి సన్నని గొట్టం పంపి, గడ్డ దగ్గరే వదిలారు. సూటిగా చేర్చడం అంత కష్టమైన పని.

అయితే నానో రకాలు దండగా? కాదు. వాటి అసలు ప్రయోజనం ద్రావకం లేకపోవడం. నాబ్-పాక్లిటాక్సెల్‌కు సాధారణంగా స్టెరాయిడ్ ముందస్తు అక్కర్లేదు, ముప్పై నిమిషాల్లో ఎక్కిపోతుంది. షుగర్ ఉన్నవారికి, క్రెమోఫోర్ పడనివారికి ఇది నిజమైన మేలు. గడ్డ మీద దెబ్బ ఎంత అన్నదానికి రెండు పెద్ద పోలికలున్నాయి. 2005లో వచ్చిన అధ్యయనంలో మూడు వారాలకోసారి ఇచ్చినప్పుడు గడ్డ బాగా తగ్గినవారు నాబ్‌తో నూటికి 33 మంది, మామూలుదానితో 19 మంది. వీడియోల వాళ్లు చెప్పేది ఇదే. కానీ అందులో మామూలు పాక్లిటాక్సెల్‌ను మూడు వారాలకోసారే ఇచ్చారు. మీ అమ్మగారికి మొదలుపెట్టిన వారంవారం పద్ధతి దానికన్నా బాగా పనిచేస్తుంది. 2015లో ప్రచురించిన, సుమారు 800 మంది మీద చేసిన అధ్యయనంలో వారంవారం పాక్లిటాక్సెల్‌నే వారంవారం నాబ్‌తో పోల్చారు, రెండు గుంపులవాళ్లకీ బెవాసిజుమాబ్ అనే ఇంకో క్యాన్సర్ మందు తోడుగా ఇచ్చారు. నాబ్ గెలవలేదు. జబ్బు ముదరకుండా ఆగిన కాలం మామూలుదానితో 11 నెలలు, నాబ్‌తో 9.3 నెలలు. నాబ్ తీసుకున్నవారికి తిమ్మిర్లు, ఇతర ఇబ్బందులు ఎక్కువయ్యాయి కూడా.

తిమ్మిర్ల మాట మీ అమ్మగారి విషయంలో చిన్నది కాదు. 2005 అధ్యయనంలో తీవ్రమైన నరాల తిమ్మిరి నాబ్‌తో నూటికి పదిమందికి వస్తే, మామూలుదానితో ఇద్దరికే వచ్చింది. అంటే షుగర్ వైపు చూస్తే నానో మేలు, షుగర్ వల్ల ముందే దెబ్బతిన్న అరికాళ్ల వైపు చూస్తే మామూలుదే మేలు. ఏది బరువు అన్నది డాక్టరు ఆవిడ పాదాల్ని స్వయంగా పరీక్షించి చెప్పాల్సిన మాట. ఇప్పటివరకు చూడకపోతే చూడమని అడగండి.

ఇక మీ ముందున్న దారులు.

మామూలు పాక్లిటాక్సెల్‌నే మళ్లీ ఇవ్వడం ఒకటి. ఈసారి స్టెరాయిడ్ బాధ్యత ఇంటి మీద పెట్టకుండా ఆసుపత్రిలోనే నరానికి ఇమ్మని అడగొచ్చు, చాలాచోట్ల అలాగే ఇస్తారు. మొదట చాలా నెమ్మదిగా మొదలుపెట్టి, నర్సు పక్కనే ఉండి, బీపీ చూస్తూ వేగం పెంచుతారు. ఈ మందుకు పీవీసీ ప్లాస్టిక్ లేని సెట్టు (మందు ఎక్కించే గొట్టం), 0.22 మైక్రాన్ల ఫిల్టరు కావాలి. క్రెమోఫోర్ మామూలు ప్లాస్టిక్‌లోంచి రసాయనాన్ని లాగేస్తుంది. ఫిల్టరు ఉందా అని అడగడం అతి కాదు. స్టెరాయిడ్ పడ్డాక ఒకటి రెండు రోజులు షుగర్ పెరుగుతుంది. దానికి మందు మానడం పరిష్కారం కాదు, గ్లూకోమీటరుతో పరగడుపున, అన్నం తిన్న రెండు గంటలకు చూసి, షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ సర్దించుకోవడమే. రెండు మూడు విడతలు సాఫీగా జరిగితే స్టెరాయిడ్ డోసు తగ్గించే డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఈ దారిలో ఖర్చు ఆరోగ్యశ్రీ కార్డు మీదే పోతుంది. మళ్లీ రియాక్షన్ వస్తే ఒక వారం పోతుంది, భయం మిగులుతుంది.

నాబ్-పాక్లిటాక్సెల్ రెండోది. డబ్బు లెక్క ముందుగా తెలుసుకోండి. వయల్ (మందు సీసా) 100 మిల్లీగ్రాములది. వారం పద్ధతిలో చదరపు మీటరుకు 100 చొప్పున ఆవిడకు 150, అంటే రెండు వయల్స్, సగం వయల్ వృథా. మూడు వారాలిచ్చి ఒక వారం ఆపుతారు, నాలుగు వారాలకు ఆరు వయల్స్. మూడు వారాలకోసారి పద్ధతిలో 260 చొప్పున 390, నాలుగు వయల్స్, కానీ తిమ్మిర్ల భయం ఎక్కువ. ఆ సగం వయల్‌ను వచ్చే వారానికి దాచలేరు, కలిపాక ఫ్రిజ్‌లో పెట్టినా ఒక్కరోజే. అదే రోజు ఇంకో పేషెంటు ఉంటే పంచుకునే వీలుందా అని ఫార్మసీలో అడగండి. వయల్ మీద ముద్రించిన ధరకూ అసలు ఇచ్చే ధరకూ క్యాన్సర్ మందుల్లో చాలా తేడా ఉంటుంది. రెండు మూడు చోట్ల, తగ్గింపు ధరకు మందులమ్మే ప్రభుత్వ అమృత్ ఫార్మసీ ఉన్నచోట అక్కడా కనుక్కోండి. బిల్లు, బ్యాచ్ నంబరు లేకుండా ఎవరి దగ్గరా కొనకండి. ఆరోగ్యశ్రీ (ఎన్టీఆర్ వైద్యసేవ) ప్యాకేజీలో ఇది వస్తుందో లేదో ఆసుపత్రి కౌంటర్లోని వైద్యమిత్ర చెబుతారు. రాకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎల్‌వోసీ (ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం) కోసం మందు కొనకముందే దరఖాస్తు పెట్టాలి.

ఈ మందు కలపడంలోనూ తప్పులు జరుగుతాయి, తెలిసి ఉండటం మంచిది. వయల్‌లోకి 20 మిల్లీలీటర్ల సెలైన్‌ను గోడకు ఆనించి కనీసం ఒక నిమిషం పాటు నెమ్మదిగా వదలాలి, పొడి మీద పొయ్యకూడదు. అయిదు నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత మెల్లగా తిప్పాలి. గట్టిగా ఊపితే నురగ కడుతుంది. కలిపాక పాలలా తెల్లగా ఉంటుంది, అదేమీ పాడైనట్టు కాదు. పాక్లిటాక్సెల్ అనగానే అలవాటుగా 0.22 ఫిల్టరు తగిలించకూడదు, రేణువులు దానిలో చిక్కుతాయి. ఇంకా ముఖ్యం: రెండింటి డోసులూ ఒకటి కావు. చీటీ మీద ‘పాక్లిటాక్సెల్’ అని మాత్రమే ఉంటే ఏ రకమో పూర్తిగా రాయించండి.

మూడోది మందే మార్చడం. పెగ్ పూసిన కొవ్వు గోళీల్లో డాక్సోరుబిసిన్ పెట్టిన మందు ఉంది. 1995లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి నానో క్యాన్సర్ మందు అదే. నాలుగు వారాలకోసారి సరిపోతుంది. మామూలు డాక్సోరుబిసిన్‌తో పోలిస్తే గుండెకు హాని బాగా తక్కువ, నానో రూపం మనిషికి నిజంగా మేలు చేసిన చోటు ఇదే. కానీ అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి చర్మం ఊడటం దీని బెడద. మొదటి విడతలో దీనికీ రియాక్షన్ రావచ్చు, అందుకే నిమిషానికి ఒక మిల్లీగ్రాము వేగంతో మొదలుపెడతారు. దీన్ని అయిదు శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్‌లో కాదు. వయల్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల్లో ఉంచాలి, గడ్డ కట్టకూడదు. రాజోలు నుంచి ఎండలో సంచిలో పట్టుకెళ్లే మందు కాదిది. ముందుగా గుండె ఎకో తీయించాలి. నోటి మాత్రగా వచ్చే కేపెసిటబిన్ కూడా ఉంది. క్రెమోఫోర్ గొడవా లేదు, జుట్టూ పెద్దగా ఊడదు. అరచేతుల మంట, విరేచనాలు దీనితోనూ ఉంటాయి.

నానో కన్నా ఎక్కువగా మీ అమ్మగారి దారిని మార్చగలిగిన పరీక్షలు రెండున్నాయి: బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (పుట్టుకతో వచ్చే జన్యు లోపం ఉందేమో చూసేది), పీడీ-ఎల్1 (రోగనిరోధక శక్తితో పనిచేసే మందులు సరిపోతాయేమో చూసేది). మూడు రిసెప్టర్లూ నెగెటివ్ అన్నారు కాబట్టి ఇవి చేశారా అని అడగండి. మందును గడ్డ దాకా మోసుకెళ్లడం అన్న మీ అన్నయ్య ఆశకు దగ్గరగా వచ్చినవి కూడా పాలిమర్ రేణువులు కావు, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీ అనే ప్రొటీన్‌కు మందును అతికించిన ఇంజెక్షన్లు. మూడు నెగెటివ్ రకానికి సాసిటుజుమాబ్ గోవిటెకాన్ అనేది 2020 నుంచి అమెరికాలో ఉంది, మొదట్లో ముందు కీమోలు అయ్యాక ఇచ్చేవారు. దానికీ విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం ఉన్నాయి. ఒంటికి ఏమీ కాని కీమో ఇంకా రాలేదు.

ఆరు లక్షల సెంటరు గురించి నా అభిప్రాయం గట్టిదే: ముందే డబ్బు కట్టకండి. రెండు మూడు నెలలకు స్కాన్ తీసి మందు పనిచేస్తోందో లేదో చూస్తారు. పనిచెయ్యకపోతే మందు మారుతుంది. రేపు మారబోయే మందుకు ఈరోజే మొత్తం ప్యాకేజీ కట్టడంలో అర్థం లేదు. వాళ్లను మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగమనండి. మందు జెనెరిక్ పేరు, తయారీదారు ఎవరు? రొమ్ము క్యాన్సర్‌కు మన దేశంలో అనుమతి ఉందా? ప్రయోగమైతే సీటీఆర్ఐ (మందుల ప్రయోగాల జాతీయ రిజిస్టరు) రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? మన దేశంలో మందుల ప్రయోగాలన్నీ 2009 నుంచి అందులో నమోదు కావాల్సిందే, నంబరు చెబితే ఎవరైనా చూసుకోవచ్చు. ప్రయోగంలో ఉన్న మందుకు పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు. జవాబు రాయడానికి తటపటాయిస్తే మీకు జవాబు దొరికినట్టే. రెండో అభిప్రాయం కావాలంటే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బయాప్సీ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలు), స్కాన్ సీడీ తీసుకుని వెళ్లండి. నానో పసుపు మాత్రలంటూ వచ్చేవాళ్లను డాక్టరుకు చెప్పకుండా ఇంట్లోకి రానివ్వకండి.

తోట సంగతి. అది మీ అన్నయ్యదీ కాదు, మీదీ కాదు, అమ్మగారిది. అమ్మాలంటే ఆవిడ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వెయ్యాలి. ఎందుకు అమ్ముతున్నామో చెప్పకుండా ఆ వేలిముద్ర ఎలా అడుగుతారు? అక్కడ, నలుగురి మధ్య, దళారి నోట జబ్బు పేరు వినడం కన్నా ఇంట్లో మీ నోట వినడం ఆవిడకు తక్కువ బాధ. ఆవిడకు ఇప్పటికే సగం తెలిసి ఉంటుంది, ఆ వార్డులో పక్క మంచాల వాళ్లను చూసే ఉంటారు. మాత్రలు మానేసింది కూడా అవి ఎందుకో ఎవరూ చెప్పకపోబట్టే.

అన్నీ ఒకేసారి చెప్పక్కర్లేదు. “అమ్మా, రొమ్ములో ఉన్నది క్యాన్సర్. ఊపిరితిత్తుల్లోకి కొంచెం పాకింది. మందుతో దాన్ని అదుపులో పెడతామన్నారు. ఆరోజు అలా అవ్వడానికి ఆ మాత్రలు వేసుకోకపోవడం ఒక కారణం కావచ్చు, నీ తప్పు కాదు, మేము చెప్పలేదు” అని మొదలుపెట్టండి. ఆవిడ అడిగినంత వరకు చెప్పండి. ఊపిరితిత్తులకు చేరాక ఈ జబ్బులో మందుల లక్ష్యం అదుపు, ఆయుష్షు, బాధ తగ్గడం. పూర్తిగా పోవడం అరుదు. ఈ మాట మీకూ తెలిసి ఉండాలి, ఎందుకంటే నెలల తరబడి నడిచే వైద్యానికి ఇల్లు నడిపే ఆదాయం కూడా మందులో భాగమే. తోట అమ్మితే ఆరు లక్షలు ఒక విడతలో అయిపోతాయి, దింపు డబ్బు ఆగిపోతుంది. అమ్మకపోతే రేపు నిజంగా అవసరమైన మందు వచ్చినప్పుడు చేతిలో ఆ అవకాశం ఉంటుంది. అన్నీ విన్నాక కూడా ఆవిడే అమ్మమంటే అది ఆవిడ ఇష్టం, అప్పుడు మీరు అడ్డుపడకండి. తొందరపడి అయినకాడికి మాత్రం వదలొద్దు.

అన్నయ్యతో వాదించడం ఆపి ఆయన్ని డాక్టరుతో మాట్లాడించండి. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. సాయంత్రం ఓపీ అయ్యాక పది నిమిషాలు అడిగితే చాలామంది డాక్టర్లు ఇస్తారు. ఆయన అమ్మ కోసం ఏదో చెయ్యాలన్న తపనలో ఉన్నాడు, దూరంగా ఉన్నందుకు ఆ తపన ఇంకా ఎక్కువ. చెయ్యడానికి నిజమైన పని ఇవ్వండి. పరిశీలించాక డాక్టరు నాబ్ మంచిదంటే మొదటి స్కాన్ వరకు అయ్యే వయల్స్ ఖర్చు ఆయన భరించవచ్చు. మామూలుదే మళ్లీ ఇస్తే ప్రతి వారం రాజమండ్రికి కారు, గ్లూకోమీటరు స్ట్రిప్పులు, బీఆర్‌సీఏ పరీక్ష ఆయన చూసుకోవచ్చు.

ఏ రకం మొదలుపెట్టినా ఇంట్లో చూడాల్సినవి కొన్ని. జాకెట్ హుక్కులు పెట్టుకోవడం, పూలు కట్టడం, చిల్లర ఏరడం ఆవిడకు కష్టమవుతోందా, చెప్పు జారిపోయినా తెలియడం లేదా అని వారం వారం గమనించి, కీమోకు ముందు డాక్టరుకు చెప్పండి. డోసు తగ్గించాల్సిన సమయం రక్తపరీక్షలో కనబడదు, వీటిలోనే కనబడుతుంది. రోజూ సాయంత్రం పాదాలు కడిగి అడుగున పుండు, పొక్కు ఉందేమో మీరే చూడండి. దొడ్లోకి కూడా చెప్పుల్లేకుండా వెళ్లనివ్వకండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకూడదు, అర్ధరాత్రయినా బయల్దేరాలి. రాజమండ్రి చేరేలోపు దగ్గర్లో అమలాపురంలో ఏ ఆసుపత్రి మొదటి యాంటీబయాటిక్ ఇవ్వగలదో ముందే కనుక్కుని, ఆ నంబరు, కీమో చీటీ ఫోటో నాన్నగారి ఫోన్‌లో కూడా పెట్టండి.